ఎండాకాలం రాజమండ్రి వస్తున్నారా? ఏ పూట ఏం చేయాలో చెబుతాను

ఏప్రిల్ మూడో వారం దాటిందంటే మా ఇంటికి ఫోన్లు మొదలవుతాయి. హైదరాబాద్ నుంచి పిన్ని, బెంగళూరు నుంచి మేనకోడలు, "పిల్లలకి సెలవులిచ్చేశారు, నాలుగు రోజులు వచ్చి ఉంటాం, ఇప్పుడు ఊళ్లో చూడ్డానికి ఏముంటాయి?" అని. ప్రతి ఏడూ అందరికీ విడివిడిగా చెప్పేదే ఈసారి ఒకచోట రాస్తున్నాను.

ముందుగా మీ గడియారం మార్చుకోవాలి. ఇక్కడ ఎండ ఒక్కటే కాదు, ఉక్కపోత కూడా ఎక్కువ. పొద్దున పదకొండు నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా బయట ఏ పనీ పెట్టుకోకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దవాళ్లు అనేది మే ఆఖరు వారం సంగతి, ఆ రోజుల్లో అయితే పొద్దున తొమ్మిదికే ఘాట్ మెట్ల మీద చెప్పులు లేకుండా నిలబడలేరు. చాలామంది పదింటికి టిఫిన్ చేసి తాపీగా బయల్దేరి, మధ్యాహ్నం రెండింటికి వాడిపోయిన మొహాలతో ఇంటికొచ్చి "ఏముంది మీ ఊళ్లో" అంటారు, అప్పుడు నాకు బాధేస్తుంది, ఎందుకంటే చూడాల్సిందంతా వాళ్లు నిద్ర లేవకముందే అయిపోయింది.

కాబట్టి అయిదింటికి లేవండి. అయిదుంపావుకల్లా గోదావరి గట్టు మీద ఉండాలి. ఇక్కడ ఒక విషయం తెలుసుకోండి, గోదారి మన ఊరికి పడమర వైపు ఉంది, అంటే సూర్యుడు మీ వీపు వెనక, ఊరి మీద నుంచి లేస్తాడు. తొలి వెలుగు ముందు అవతల కొవ్వూరు ఒడ్డు మీద పడుతుంది, తర్వాత ఆర్చి బ్రిడ్జి కమానుల మీదకి వస్తుంది, నీళ్లు ఇంకా బూడిద రంగులో ఉండగానే కమానులు పసుపు రంగు తిరుగుతాయి. అది పది నిమిషాలే ఉంటుంది. మళ్లీ సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో సూర్యుడు నేరుగా నదిలోకి దిగుతాడు. రెండూ చూడాలంటే ఒకే గట్టు మీద రెండు పూటలా కూర్చుంటే చాలు.

పిల్లలుంటే బ్రిడ్జిల కథ అక్కడే చెప్పండి. పాత హేవలాక్ బ్రిడ్జి మీద 1900లో రైళ్లు మొదలయ్యాయి, 1997లో ఆగిపోయాయి, ఇప్పుడు ఖాళీగా నిలబడి ఉంది. పైన రోడ్డు, కింద రైలు ఉండేది 1974 నాటిది. కమానులది 1997 నాటిది. 2015లో వచ్చిన కొత్త రోడ్డు బ్రిడ్జి ఊరికి కాస్త ఎగువన ఉంది. రోడ్డు కం రైలు బ్రిడ్జి మీద బండి మీద వెళ్తుండగా కింద నుంచి రైలు వెళ్తే బ్రిడ్జంతా సన్నగా వణుకుతుంది, మా మేనకోడలి కొడుకు దాని కోసమే రెండుసార్లు కొవ్వూరు తీసుకెళ్లమన్నాడు. కొవ్వూరు వెళ్తే గోష్పాద క్షేత్రం చూసి ఎండ ముదరకముందే వెనక్కి వచ్చేయండి.

ఇప్పుడు స్నానం సంగతి. దీని గురించి కొంచెం గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకండి.

ధవళేశ్వరం బ్యారేజీ నీళ్లు ఆపి ఉంచుతుంది కాబట్టి వేసవిలో కూడా ఘాట్ల దగ్గర నీళ్లుంటాయి. కానీ నది మధ్యలో, లంకల (నదిలోని దీవుల) పక్కన ఇసుక మేటలు తేలతాయి, నీళ్లు మోకాలి లోతే కనబడతాయి, నీళ్లు తేటగా ఉండి అడుగు కూడా కనబడుతుంది. అదే ప్రమాదం. ఇసుక తవ్విన చోట గుంతలుంటాయి, పైనుంచి చూస్తే తెలియదు. నాలుగేళ్ల క్రితం మా బంధువుల అబ్బాయి, పదమూడేళ్లవాడు, పడవ దిగి ఇసుకలో ఆడుకుంటూ పిక్కల లోతు నీళ్లలో నడుస్తున్నాడు, ఒక్క అడుగు పక్కకి వేశాడు, అంతే, తల కనబడలేదు. పడవ నడిపే ఆయన దూకి జుట్టు పట్టి లాగాడు కాబట్టి వాడు ఈరోజు ఇంటర్ చదువుతున్నాడు. మేమంతా పది గజాల దూరంలోనే నిలబడి ఉన్నాం, ఎవరికీ కాళ్లు కదల్లేదు. ప్రతి వేసవిలో సెలవులకి వచ్చిన పిల్లలు గోదారిలో మునిగిపోయారన్న వార్త ఒకటైనా చదువుతాం, చదివిన ప్రతిసారీ నాకు ఆ జుట్టు పట్టిన చెయ్యే గుర్తొస్తుంది. అందుకే స్నానం పుష్కర ఘాట్ లాంటి మెట్లున్న ఘాట్‌లోనే చేయండి, మెట్టు మీద నిలబడి మూడు మునకలు వేసి వచ్చేయండి, గొలుసులు, కంచె దాటి వెళ్లొద్దు, పిల్లల్ని ఒంటరిగా పంపొద్దు, ఈతొచ్చన్న ధైర్యం ఉన్న పిల్లల్ని అసలే పంపొద్దు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ వేసుకుని కట్టుకోండి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే లాభం లేదు. 2027లో పుష్కరాలున్నాయి కాబట్టి పనుల కోసం ఏ ఘాట్ ఎప్పుడు మూసి ఉంటుందో బయల్దేరే ముందు ఊళ్లో వాళ్లని అడగండి.

ఎనిమిదికల్లా గట్టు దిగి, దారిలో టిఫిన్ చేసి, తర్వాత రెండు గంటలు మార్కెట్‌కి ఇవ్వండి. ఏప్రిల్ చివర నుంచి మే అంతా ఆవకాయ కాలం. మామిడికాయలు కొట్టించడం చూడకపోతే వేసవి రాజమండ్రి చూసినట్టు కాదని నా అభిప్రాయం. కాయలు మీరు కొని, అక్కడే కత్తి పీటలతో కూర్చున్నవాళ్ల దగ్గరికి తీసుకెళ్తే కొట్టి ఇస్తారు. కాయని నిలువునా పెట్టి ఒక్క వేటు, రెండు చెక్కలవుతుంది, లోపల జీడి రెండుగా విడిపోతుంది, దాన్ని వేలితో గెంటేసి చెక్కని మళ్లీ ముక్కలు చేస్తారు. ప్రతి ముక్కకీ టెంక అంటుకుని ఉండాలి, లేకపోతే మూడు నెలలకి ముక్క మెత్తబడిపోతుంది. కాయ కొనేటప్పుడే ఒకటి కొట్టించి చూడండి, టెంక గట్టిగా పట్టిందా లేదా, పులుపు ఉందా లేదా. కడగడం, తుడవడం అంతా కొట్టించక ముందే అయిపోవాలి, ముక్కలయ్యాక నీటి చుక్క తగలకూడదు, పొడి గుడ్డతో లోపలి పొర తుడిచేస్తే చాలు. కలిపిన మూడో రోజు తిరగ కలిపి ఉప్పు చూసుకోవడం మర్చిపోకండి. తినే పళ్లకైతే రసాలు, బంగినపల్లి, సువర్ణరేఖ వరసగా వస్తుంటాయి, చెరకు రసాలు దొరికితే వదలొద్దు. తాటి ముంజలు రోడ్డు పక్కన మీ ఎదురుగా కొట్టించుకుని తినండి, లేతవి అడగండి.

వేసవిలో ఎవరైనా పులస చేప ఇప్పిస్తామంటే నమ్మకండి. అది వరద నీరు ఎర్రగా దిగే రోజుల్లో సముద్రం నుంచి ఎదురెక్కి వస్తుంది, మే నెలలో దొరికేది వేరే చేప.

మధ్యాహ్నం ఇంట్లో పడుకోండి. పడుకోలేని వాళ్లకి నీడ పట్టున చూసేవి మూడున్నాయి, కానీ సెలవు రోజులు ముందే కనుక్కుని వెళ్లండి. దామెర్ల రామారావు చిత్రశాల నాకు అన్నిటికన్నా ఇష్టం. 1897లో పుట్టి 1925లో మశూచి వచ్చి పోయారు, ఇరవై ఎనిమిదేళ్లు కూడా సరిగా బతకలేదు, ఆ కొంచెం కాలంలోనే ఆంధ్ర చిత్రకళకి ఒక తోవ వేశారు. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన బొమ్మలు గీసే చెయ్యి చూసి బొంబాయి పంపించాడు. గౌతమి గ్రంథాలయం పాత పుస్తకాల వాసనకైనా వెళ్లాలి. కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు మూడోది. 1881 డిసెంబరు 11న ఆయన తన మొదటి వితంతు వివాహం చేయించింది ఈ ఊళ్లోనే, ఆ ఇంట్లో నిలబడి పిల్లలకి అది చెబితే పాఠంలో చదివినదాని కంటే బాగా ఎక్కుతుంది.

ఇక ఊళ్లో ఏ రోజు ఏం జరుగుతోందో తెలియడం ఎలా? ఫోన్‌లో వెతికితే సగం కూడా దొరకవు. పొద్దున్నే దినపత్రిక జిల్లా పేజీల్లో ఆ రోజు కార్యక్రమాలు నాలుగైదు లైన్లలో వేస్తారు, అది చూడండి. కోటగుమ్మం, దేవీచౌక్, కోటిపల్లి బస్టాండ్ దగ్గర గోడపత్రికలు, ఫ్లెక్సీలు చదవండి. మైకు కట్టుకుని ఆటో వెళ్తుంటే ఒక్క నిమిషం ఆగి వినండి, హరికథైనా తీర్థమైనా (మా వైపు జాతరని అలాగే అంటాం) అందులోనే చెబుతారు. అన్నిటికన్నా తేలిక, గట్టు మీద పొద్దున టీ తాగేటప్పుడు పక్కన కూర్చున్న పెద్దాయన్ని "ఈ వారం ఏమున్నాయండి?" అని అడగడం.

తేదీ మారనివి రెండు చెబుతాను. ఏప్రిల్ 16 వీరేశలింగం గారి జయంతి, దాన్నే తెలుగు నాటకరంగ దినోత్సవంగా చేస్తారు. ఆ రోజుల్లో ఆనం కళాకేంద్రంలో నాటకం ఉందేమో కనుక్కోండి, పద్యనాటకం అయితే తప్పకుండా వెళ్లండి, పద్యం చివర రాగం తీస్తుంటే హాల్లో ముసలివాళ్లు పెదాలు కదుపుతూ కలిసి పాడుకోవడం చూస్తారు. మే 15 కాటన్ దొర జయంతి. 1803లో పుట్టిన ఆ ఇంజినీరు 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించాడు, కరువుతో అల్లాడిన డెల్టా దానివల్లే అన్నం పెట్టే నేల అయింది. ఆ రోజు ధవళేశ్వరంలో విగ్రహానికి దండలు వేస్తారు, అక్కడే కాటన్ మ్యూజియం కూడా ఉంది.

తిథిని బట్టి వచ్చేవాటికి పంచాంగం చూసుకోవాలి. శ్రీరామనవమికి వీధి వీధినా పందిళ్లు, పానకం, వడపప్పు. చైత్ర శుద్ధ ఏకాదశికి ఆత్రేయపురం దగ్గర వాడపల్లి వెంకన్న కల్యాణం, తీర్థం. 1931లో అక్కడి స్వామి రథం మీద గాంధీ గారి పటం పెట్టారన్న గొడవలో పోలీసులు కాల్పులు జరిపితే మనుషులు పోయారు, రథం చూసినప్పుడు అది కూడా గుర్తు చేసుకోండి. వైశాఖ శుద్ధ ఏకాదశికి అన్నవరం సత్యదేవుని కల్యాణం, రాజమండ్రి నుంచి డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుంది, పొద్దున్నే రైలుకో బస్సుకో వెళ్లి రావచ్చు. ఇవి కాక చుట్టుపక్కల ఊళ్లలో అమ్మవారి తీర్థాలు రాత్రిపూట జరుగుతాయి, రంగులరాట్నం, జీళ్లు, ఖర్జూరం, బూరల చప్పుడు, పిల్లలకి ఏ మాల్ కన్నా అదే బాగుంటుంది. రద్దీలో తప్పిపోతారని టెన్షన్ ఉంటే చిన్నపిల్లల జేబులో మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పెట్టండి.

ఒక రోజు పొద్దున అయిదున్నరకే బయల్దేరి ధవళేశ్వరం బ్యారేజీ దాటి, బొబ్బర్లంక మీదుగా ఆత్రేయపురం వైపు వెళ్లండి. కాలువ గట్టు మీద రోడ్డు, రెండు వైపులా చెట్లు. వేసవిలో కొన్నాళ్లు కాలువలు కట్టేస్తారు, అప్పుడు లొల్ల లాకుల దగ్గర నీళ్లు గలగలలాడవు, మళ్లీ జూన్‌లో వదిలాకే ఆ అందం, కాబట్టి ఫొటోల కోసమైతే ముందే కనుక్కోండి. శనివారం అయితే వాడపల్లిలో విపరీతమైన జనం, ఏడు శనివారాల మొక్కు ఉన్నవాళ్లంతా ఆ రోజే వస్తారు, మొక్కు లేకపోతే వేరే రోజు వెళ్లండి. ఆత్రేయపురం అనగానే అందరూ పూతరేకులు అంటారు, 2023లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, కానీ ఎండాకాలం అక్కడ చూడాల్సింది మామిడి తాండ్ర. చాపల మీద మామిడి రసం పల్చగా పూస్తారు, ఎండితే దాని మీద ఇంకో పూత, అలా రోజుల తరబడి పొర మీద పొర. మనల్ని కాల్చే ఎండే అక్కడ వంట చేస్తుంది. దగ్గరికి వెళ్తే తీపి, పులుపు కలిసిన ఆవిరి మొహానికి తగులుతుంది. చివర్లో చాప నుంచి ఊడదీసిన తాండ్ర అడుగున చాప అల్లిక అచ్చు అలాగే పడి ఉంటుంది.

సాయంత్రం అయిదు తర్వాత మళ్లీ ఊరు మీది. మెయిన్ రోడ్డు వైపు వెళ్లి రోజ్ మిల్క్ తాగండి, కోవా వేసింది అడగండి. అక్కడి నుంచి పుష్కర ఘాట్‌కి నడిచి వెళ్లి చీకటి పడే వేళకి గోదావరి హారతి చూడండి. మెట్ల మీద చోటు కావాలంటే అరగంట ముందే కూర్చోవాలి, పెద్దవాళ్లుంటే పై మెట్లలో కూర్చోబెట్టండి, కింద మెట్లు పాకుడు పట్టి జారతాయి. మే చివర్లో అయితే ఆకాశం చూసుకుంటూ ఉండండి, పడమర నల్లబడి ఒక్కసారిగా ఈదురుగాలి లేస్తుంది, అప్పుడు ఫ్లెక్సీల కింద, చెట్ల కింద నిలబడకుండా ఏదైనా గట్టి కట్టడంలోకి వెళ్లిపోండి.

వెళ్లేటప్పుడు సామాను సంగతి. తాండ్రని పేపర్లో కాకుండా పొడి డబ్బాలో పెట్టుకోండి. ఆవకాయ రైల్లో తీసుకెళ్లాలంటే పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచండి, పైకి తేలిన నూనె కొంచెం వంచి వేరే సీసాలో పోసుకోండి, మూతికి గుడ్డ వేసి కట్టి దాని మీద మూత బిగించి, డబ్బాని బట్టల మధ్య నిలువుగా పెట్టండి. ఇంటికి వెళ్లాక ఆ నూనె మళ్లీ పోసేయండి.