గేమింగ్‌లో చెయ్యి తిరగాలంటే – 3వ పాఠం: మౌసా, కంట్రోలరా?

ముందు కిందటి పాఠం హోంవర్క్ సంగతి. నోట్‌ప్యాడ్ తెరిచి, రెండు షిఫ్ట్ కీలూ నొక్కిపట్టి ఇంగ్లిష్ అక్షరాలన్నీ వరసగా కొట్టమన్నాను. కొన్ని అక్షరాలు అసలు పడలేదా? కీబోర్డ్ పాడైపోలేదు, కంగారు పడకండి. మామూలు కీబోర్డుల్లో కీలన్నీ అడ్డం, నిలువు తీగల వల మీద కూర్చుంటాయి. కొన్ని కీలు మూడేసి కలిపి నొక్కితే ఏవి నిజంగా నొక్కారో దానికి తేలదు, అందుకని మూడోదాన్ని పట్టించుకోదు. రేసింగ్ గేమ్‌లో పై బాణం, ఎడమ బాణం నొక్కి ఉండగా స్పేస్ కొడితే హ్యాండ్‌బ్రేక్ పడకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. హ్యాండ్‌బ్రేక్‌ని షిఫ్ట్‌కో కంట్రోల్‌కో మార్చి చూడండి, ఎక్కువ కీబోర్డుల్లో గొడవ తీరిపోతుంది.

ఇక ఈ వారం పాఠం. "షూటింగ్ గేమ్‌కి మౌస్, ఫుట్‌బాల్‌కి కంట్రోలర్" అన్న మాట మీరు వందసార్లు వినే ఉంటారు. తప్పు కాదు. కానీ అలా బట్టీ పడితే కొత్త గేమ్ ఎదురైన ప్రతిసారీ ఎవరినో ఒకరిని అడగాల్సి వస్తుంది. గేమ్ పేరూ రకమూ పక్కన పెట్టి, అది మీ చేతిని ఏమడుగుతోందో చూడండి. అడిగేవి మూడే: "ఎక్కడ?", "ఎంత?", "ఇప్పుడా, కాదా?" మొదటిదానికి మౌస్ జవాబు చెబుతుంది, రెండోదానికి కంట్రోలర్ మీద బొటనవేలితో నెట్టే స్టిక్, చూపుడువేలితో నొక్కే ట్రిగ్గర్. మూడోదానికి కీ చాలు.

మొదటి రెండిటికీ తేడా చేత్తోనే తెలియాలి. మౌసూ కంట్రోలరూ రెండూ పనిచేసే ఫస్ట్ పర్సన్ గేమ్ (పాత్ర కళ్లతోనే మనం చూసేది) ఏదైనా తెరవండి. ఒక తలుపు దగ్గర నిలబడి, చూపును ఎడమ పై మూల నుంచి కుడి పై మూలకు తీసుకెళ్లండి. మౌస్‌తో అయితే చెయ్యి ఎంత దూరం జరిగితే చూపు అంత తిరుగుతుంది. చెయ్యి ఆగితే చూపూ ఆగుతుంది. ఇప్పుడు అదే పని కుడి స్టిక్‌తో చెయ్యండి. స్టిక్‌ని పక్కకు నెట్టి పట్టుకుంటే చూపు తిరుగుతూనే ఉంటుంది, కుళాయి విప్పితే నీళ్లు పడుతూనే ఉన్నట్టు. మూల వచ్చే సరికి మీరే వదలాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే మూల దాటిపోతారు, మళ్లీ వెనక్కి నెట్టాలి. స్టిక్ చెప్పేది వేగం, చోటు కాదు. కంట్రోలర్‌తో గురి కుదరకపోవడానికి మీ వేళ్లు మొద్దువి కావడం కారణం కాదు, ఇదే.

ఈ లోటు గేమ్ తయారుచేసేవాళ్లకు మొదటి నుంచీ తెలుసు. 2000లో ప్లేస్టేషన్ మీద వచ్చిన ఏలియన్ రిసరెక్షన్ అనే షూటింగ్ గేమ్ ఎడమ స్టిక్‌కు నడక, కుడి స్టిక్‌కు చూపు ఇచ్చింది. అప్పటి ఒక సమీక్షకుడు ఆ పద్ధతినే తిట్టిపోశాడు. మరుసటి ఏడాది ఎక్స్‌బాక్స్ మీద హేలో అదే అమరిక పెట్టి జనాన్ని మెప్పించింది. తేడా ఎక్కడంటే, గురి శత్రువు మీదికి రాగానే తిరిగే వేగాన్ని హేలో తానే తగ్గించేది. ఎయిమ్ అసిస్ట్ అంటే అదే: వదలాల్సిన క్షణాన్ని గేమ్ కాస్త సాగదీసి మీ చేతికి ఇస్తుంది. మౌస్ వాళ్లూ కంట్రోలర్ వాళ్లూ ఒకే మ్యాచ్‌లో తలపడే గేముల్లో దాని మోతాదు మీద తగాదా ఎప్పుడూ ఉండేదే. ఏపెక్స్ లెజెండ్స్‌లో 2024లో పీసీ మీద కంట్రోలర్‌కిచ్చే సాయం తగ్గించారు కూడా. కాబట్టి కంట్రోలర్‌తో షూటర్ ఆడతానంటే ఆ సాయం ఆపేసి మొనగాడిననిపించుకోవాలని చూడకండి.

మౌస్ ఉన్నవాళ్లు ఒక లెక్క చేసి పెట్టుకోవాలి. పాత్ర ఒక పూర్తి చుట్టు తిరగడానికి మౌస్ ఎన్ని సెంటీమీటర్లు జరగాలి? కౌంటర్ స్ట్రైక్ అనే షూటింగ్ గేమ్‌లో అయితే 41,564ని మౌస్ డీపీఐతో (అంగుళం జరిగితే మౌస్ లెక్కపెట్టే అడుగులు) భాగించి, వచ్చినదాన్ని గేమ్‌లోని సెన్సిటివిటీతో (చూపు ఎంత చురుగ్గా తిరగాలో చెప్పే అంకె) మళ్లీ భాగించండి. 800 డీపీఐ, సెన్సిటివిటీ 1 అయితే దాదాపు 52 సెంటీమీటర్లు. 1600 డీపీఐ, సెన్సిటివిటీ 2.5 అయితే పదిన్నర కూడా రాదు. అంటే వేలు వణికినా గురి చెదిరినట్టే. పోటీల్లో ఆడేవాళ్లు ఎక్కువమంది 30కీ 60కీ మధ్య పెట్టుకుంటారు. మణికట్టుతో కాకుండా మోచెయ్యి నుంచి కదపాలి కాబట్టి మొదట్లో చెయ్యి నొప్పెడుతుంది, బల్ల మీద చోటూ కావాలి. హాస్టల్ మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆడేవాళ్లు 25 దగ్గర సర్దుకోండి, ఏమీ కొంప మునగదు. విండోస్‌లో మౌస్ వేగాన్ని బట్టి దూరం మార్చే "పాయింటర్ ప్రెసిషన్" ఆప్షన్ మాత్రం తీసేయండి. అది ఉంటే కొన్ని గేముల్లో ఈ లెక్క ఏదీ నిలవదు.

కంట్రోలర్ ఉన్నవాళ్ల లెక్క డెడ్ జోన్. స్టిక్ మధ్యలో ఉన్నప్పుడు చిన్న కదలికను పట్టించుకోకుండా వదిలే మేర అది. సెట్టింగ్స్‌లో సున్నాకు దించి, స్టిక్ ముట్టుకోకుండా తెర చూడండి. చూపు దానంతటదే జారుతోందా? ఒక్కో మెట్టు పెంచుతూ, జారడం ఆగిన చోట ఆపండి. ఎక్కువ పెడితే సన్నటి కదలికలన్నీ పోతాయి. అసలు కంట్రోలర్ కొన్నదే వాటి కోసం కదా.

"ఇప్పుడా, కాదా?" దగ్గరికొద్దాం. కీకి మధ్య స్థితి లేదు: నొక్కినట్టు, లేదా వదిలినట్టు. దీన్ని లోపం అనుకుంటారు గానీ కౌంటర్ స్ట్రైక్‌లో ఇదే బలం. పరిగెడుతూ కాలిస్తే తూటా ఎటో పోతుంది, నిలబడి కాల్చాలి. 'డి' (D) కీ నొక్కి కుడికి వెళుతున్నారనుకోండి. డి వదిలేస్తే పాత్ర కొంచెం జారి ఆగుతుంది. అదే 'డి' వదిలి, ఎడమకు నడిపే 'ఏ' (A) కీని ఒక్కసారి తట్టి వదిలితే టక్కున ఆగుతుంది, ఆ క్షణంలో కాల్చాలి. దీన్నే కౌంటర్ స్ట్రేఫ్ అంటారు. ఈ తట్టడంలో మనిషి చేసే తడబాటును కీబోర్డే సరిదిద్దే సదుపాయం వచ్చాక, 2024లో కౌంటర్ స్ట్రైక్ తయారుచేసే వాల్వ్ కంపెనీ తన అధికారిక సర్వర్లలో దాన్ని నిషేధించింది. ఆ అర క్షణం విలువ అంత. స్టిక్‌ని ఈ చివర నుంచి ఆ చివరకు మధ్యలో దాటించి తెచ్చేలోగా ఎదుటివాడు కాల్చేస్తాడు.

ఈ కీ రేసింగ్‌లోకి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్‌ని బాణం కీలతో ఆడి పెరిగిన తరం మనది, దానికేం ఇబ్బంది అనిపించలేదు. ఎందుకంటే అలాంటి గేములు కీ నొక్కగానే చక్రాన్ని ఒక్కసారిగా తిప్పేయవు, కొద్దికొద్దిగా తిప్పుతాయి. అసెట్టో కోర్సా లాంటి, నిజం కారులా నడిచే సిమ్యులేటర్ తెరవండి, గుట్టు బయటపడుతుంది. మలుపు నుంచి బయటికొస్తూ ఇంజిన్ వెనక చక్రాలను తిప్పే కారుకు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే వెనక భాగం పక్కకు కొట్టుకుపోతుంది. సగం తొక్కాలి, కారు తిన్నగా అవుతున్న కొద్దీ పెంచాలి. ట్రిగ్గర్‌తో అది వేలి పని. కీతో? తట్టాలి: టక్, టక్, టక్. మలుపు మొదట్లో తట్టుకూ తట్టుకూ మధ్య ఎడం ఎక్కువ, పోనుపోను తక్కువ, చివరికి నొక్కిపట్టడం. కంట్రోలర్ లేనివాళ్లు ఈ వారం ఒకే మలుపు మీద ఇది సాధన చెయ్యండి. ల్యాప్ పూర్తి చెయ్యాలని ఆరాటపడొద్దు. మౌస్‌తో స్టీరింగ్ పెట్టుకునే ఆప్షన్ అసెట్టో కోర్సాలో ఉంది, కీల కంటే అది నయం.

ఎల్డెన్ రింగ్ తరహా కత్తియుద్ధాల ఆటలు కూడా "ఎంత?" వైపే మొగ్గుతాయి. లాక్ బటన్ నొక్కితే శత్రువు మీద చూపు దానంతటదే నిలబడుతుంది కాబట్టి "ఎక్కడ?" అన్న ప్రశ్న చాలావరకు లేదు. మిగిలింది దెబ్బ తప్పించుకోవడానికి ఏ కోణంలో దొర్లాలి, ఎంత మెల్లగా నడవాలి అన్నవే. ఫుట్‌బాల్‌లోనూ అంతే, బాణం కీలు ఎనిమిది దిక్కులే ఇస్తాయి, పాస్‌కు ఎనిమిది చాలవు.

ఊరినీ సైన్యాన్నీ పైనుంచి నడిపించే స్ట్రాటజీ గేముల్లో వాదనే లేదు, మౌస్. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఎక్స్‌బాక్స్‌కు 2023లో వచ్చింది కదా అంటారా? వచ్చింది. గ్రామస్థులకు పని తనంతట తానే పంచిపెట్టే ఏర్పాటుతో వచ్చింది. చెయ్యి చెప్పలేని జవాబును గేమే చెప్పుకుంది.

ఫైటింగ్ గేములు మాత్రం చాలామంది అంచనా తప్పే చోటు. కీబోర్డ్ పనికిరాదంటారు. కానీ అక్కడ దిక్కులు ఎనిమిదే, నడకలో "ఎంత" లేదు, అంతా "ఇప్పుడా?"నే. ఫైర్‌బాల్ (నిప్పుబంతి) విసరడానికి కింద కీ నొక్కి, దాన్ని వదలకుండా కుడి నొక్కి, తర్వాత కింద వదిలి, పంచ్ కొట్టాలి. స్టిక్‌తో పావు చుట్టు తిప్పడం కంటే ఇది శుభ్రంగా పడుతుంది. లీవర్ బదులు బటన్లే ఉండే లీవర్‌లెస్ కంట్రోలర్లు పెద్ద పోటీల్లో కనిపిస్తున్నది అందుకే. సెలెస్టే లాంటి, దూకుతూ ముందుకెళ్లే టూడీ ప్లాట్‌ఫార్మర్లకూ ఇదే వర్తిస్తుంది.

ఒకే గేమ్ రెండు ప్రశ్నలూ అడిగితే? జీటీఏ 5 పీసీలో కంట్రోలర్‌తో కారు నడిపి, దిగగానే మౌస్ అందుకోండి. సెట్టింగ్స్‌లోకి వెళ్లక్కర్లేదు, ఏది కదిపితే గేమ్ దాన్నే వింటుంది. కాస్త హడావుడిగా ఉంటుంది గానీ నాకైతే ఇదే నచ్చుతుంది.

ఈ వారం హోంవర్క్: మీరు ఎక్కువగా ఆడే గేమ్ ఒకటి తీసుకుని, పావుగంట ఆటలో మీ చేతికి ఏ ప్రశ్న ఎక్కువసార్లు ఎదురైందో కాగితం మీద గీతలు పెట్టండి. మౌస్ వాళ్లు పూర్తి చుట్టు సెంటీమీటర్లు కొలిచి పక్కనే రాసుకోండి, వచ్చే పాఠంలో ఆ అంకెను ఒక గేమ్ నుంచి ఇంకో గేమ్‌కు ఎలా మోసుకెళ్లాలో చూద్దాం. అంతవరకు ఆగలేక ఈ రాత్రే వాలరెంట్ అనే ఇంకో షూటింగ్ గేమ్ తెరిచేవాళ్లు కౌంటర్ స్ట్రైక్ సెన్సిటివిటీని 3.18తో భాగించి పెట్టుకోండి.