చెంచు పిల్లలు యూనివర్సిటీ దాకా రావాలంటే

కర్నూలులో రాయలసీమ యూనివర్సిటీ 2008లో వచ్చింది, ఆత్మకూరు మీదుగా బస్సెక్కితే నల్లమల చెంచుగూడేలు దగ్గరే, కానీ అక్కడి పిల్లలకు క్లాసుదాకా రావడం అంత సులువు కాదు.

యూనివర్సిటీ అడ్మిషన్ నోటిఫికేషన్ వెబ్‌సైట్‌లో పెట్టి ఊరుకోవద్దు. ఇద్దరు ఉద్యోగులు బైర్లూటి లాంటి గూడేనికి వెళ్లి అక్కడే కూర్చుని అప్లికేషన్లు నింపించాలి. ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ మెమోలో ఇంకో పేరు ఉంటే పిల్లలకు టెన్షన్. కుల సర్టిఫికెట్‌తో సహా అవన్నీ శ్రీశైలం ఐటీడీఏతో (గిరిజనుల అభివృద్ధి చూసే ప్రభుత్వ సంస్థ) మాట్లాడి ముందే సరిచేయించండి. స్కాలర్‌షిప్ పడేదాకా ఫీజు అడగొద్దు.

ఇక చెంచులకు తరతరాలుగా వచ్చిన అడవి విద్య. కొండ చరియకు తేనెపట్టు ఉంటే తాడు కట్టుకుని ఒకరు దిగుతారు, పైన తాడు పట్టుకునేది బావమరిది, పొగ ఎంత పెట్టాలి, పట్టులో ఎంత వదిలేయాలి, ఇదంతా తరాల చదువు. యూనివర్సిటీ బాటనీ వాళ్లు వచ్చి ఇలాంటివి రాసుకుని వెళ్లిపోతే ఎలా? ముందు గూడెం ఒప్పుకోవాలి, పరిశోధనా పత్రంలో వాళ్ల పేరుండాలి, పెద్దాయన వచ్చి పాఠం చెబితే గెస్ట్ లెక్చరర్‌కు ఇచ్చినంత ఇవ్వాలి. 2002 జీవవైవిధ్య చట్టం కూడా లాభంలో వాటా పంచమనే చెబుతుంది.

యూనివర్సిటీలో చెంచులకు ఉద్యోగమంటే అటెండర్ పోస్టు దగ్గరే ఆగకండి. పులుల అభయారణ్యంలో అడుగుజాడలు చదివే చెంచు వాచర్లున్నారు. ఫీల్డ్ అసిస్టెంట్ పోస్టుకు ఆ అనుభవానికి మార్కులు వేయండి.