ఆధునిక థియాలజీ పుస్తకాన్ని ఎలా చదవాలి

ఆధునిక క్రైస్తవ దైవశాస్త్రం పుస్తకం మొదలుపెట్టి యాభై పేజీలకే ఆపేసినవాళ్లు చాలామందే ఉంటారు. ఆ రచయిత ఎవరికి జవాబు చెబుతున్నాడో తెలియకపోతే ఎవరికైనా అంతే. అందుకని ముందు పుస్తకం ఏ సంవత్సరంలో వచ్చిందో చూడండి, ఆ రోజుల్లో చదువుకున్నవాళ్లను ఏ ఆలోచన కలవరపెడుతోందో వెతకండి.

జర్మన్ తత్వవేత్త కాంట్‌తో మొదలుపెట్టండి. దేవుడున్నాడని తర్కంతో నిరూపించలేమని ఆయన 1781లో తేల్చేశాక, మరి విశ్వాసం దేనిమీద నిలబడాలన్న ప్రశ్న మిగిలిపోయింది. అనుభూతి మీద అన్నాడు జర్మన్ దైవశాస్త్రవేత్త ష్లయర్‌మాఖర్, 1799లో. ఈ మలుపు పట్టుకుంటే లిబరల్ థియాలజీలో, అంటే ఆధునిక ఆలోచనకు తగ్గట్టు విశ్వాసాన్ని మళ్లీ వివరించే ధోరణిలో, సగం మీకు తెలిసినట్టే. ఆ వెంటనే మతాన్ని విమర్శించిన తత్వవేత్త ఫ్యూయర్‌బాఖ్‌ని చదవండి, దయచేసి దాటేయొద్దు. మనిషి తన గుణాలనే పైన నిలబెట్టి దేవుడంటున్నాడని 1841లో ఆయన రాశాడు, అనుభూతిని నమ్ముకున్న విశ్వాసానికి ఇంతకన్నా గట్టి దెబ్బ ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

స్విస్ దైవశాస్త్రవేత్త బార్త్ దగ్గర మాత్రం తొందరపడకండి. 1914లో జర్మనీ యుద్ధాన్ని సమర్థిస్తూ 93 మంది మేధావులు ఒక ప్రకటన మీద సంతకాలు పెట్టారు. అప్పటికి స్విట్జర్లాండ్‌లో ఒక చిన్న ఊరి పాస్టర్‌గా ఉన్న బార్త్‌కి అందులో తన గురువుల పేర్లు కనిపించాయి, దాంతో వాళ్లు నేర్పిన థియాలజీ మీదే నమ్మకం సడలింది. దేవుడు తనంతట తాను ప్రత్యక్షమైతే తప్ప మనిషికి అందడని ఆయన అంత గట్టిగా ఎందుకు పట్టుబడతాడో, ఇది తెలిశాక చదివితే గుండెకు తగులుతుంది.

కొత్త నిబంధన పండితుడు బుల్ట్‌మన్‌ని చదివే ముందు తత్వవేత్త హైడెగర్ గురించి కొంచెం తెలుసుకోండి, ఇద్దరూ జర్మనీలోని మార్బర్గ్ యూనివర్సిటీలో కలిసి పనిచేసినవాళ్లే. పెరూ దేశపు కాథలిక్ ఫాదర్ గుటియెరెజ్ 1971లో రాసిన, పేదల విముక్తిని కేంద్రంగా పెట్టుకున్న విమోచన థియాలజీలో మార్క్సిస్టు విశ్లేషణ కనిపించగానే కొందరు పుస్తకం మూసేస్తారు. అది తప్పు. పేదరికానికి కారణాలు వెతకడానికి ఆయన ఆ విశ్లేషణ వాడుకున్నాడు, ఆశ మాత్రం బైబిల్లో బానిసల విడుదల కథ చెప్పే నిర్గమకాండము నుంచే తెచ్చుకున్నాడు.

చదివేటప్పుడు పక్కన ఒక కాగితం పెట్టుకుని, ఈ మాట ఎవరి నుంచి తీసుకున్నాడు, ఎవరిని ఎక్కడ కాదంటున్నాడు అని ప్రతి అధ్యాయానికీ రాసుకోండి. కాదన్నది కూడా ప్రభావమే, ఆ రెండో వరుస ఎప్పుడూ ఖాళీగా వదలొద్దు. దీన్ని సాధన చేయడానికి బైబిల్లోని రోమీయుల పత్రికకు బార్త్ రాసిన వ్యాఖ్యానం ముందుమాటలు బాగా పనికొస్తాయి. ముద్రణ మారినప్పుడల్లా విమర్శకులకు జవాబిస్తూ కొత్తది రాశాడు. 1922 నాటి రెండో ముద్రణ ముందుమాటలో డెన్మార్క్ తత్వవేత్త కీర్కెగార్డ్‌కి తాను ఎంత రుణపడ్డాడో ఆయనే చెబుతాడు, మీ కాగితం మీద మొదటి పేరుగా అదే రాసుకోండి.