నాయిస్ ఫంక్షన్లతో త్రిమితీయ భూభాగాన్ని నిర్మించే విధానం

గ్రిడ్‌లోని ప్రతి బిందువుకూ ఒక యాదృచ్ఛిక సంఖ్యను ఎత్తుగా ఇస్తే కొండలు ఏర్పడవు. మేకులు తేలిన పలకలాంటిదేదో తెర మీద కనిపిస్తుంది. నిజమైన నేలలో ఒక చోటి ఎత్తుకు పక్క చోటి ఎత్తుతో సంబంధం ఉంటుంది, ఆ సంబంధాన్ని లెక్కలోకి తెచ్చేదే నాయిస్ ఫంక్షన్. వీటిలో ప్రసిద్ధమైన పెర్లిన్ నాయిస్‌ను కంప్యూటర్ శాస్త్రవేత్త కెన్ పెర్లిన్ 1985లో ప్రచురించి, 2002లో సవరించారు. తలాన్ని చదరపు గళ్లుగా విభజించి, గడి మూలలన్నిటికీ సీడ్ సంఖ్య (యాదృచ్ఛిక ఎంపికలకు మొదలుగా మనమిచ్చే సంఖ్య) ఆధారంగా తలా ఒక దిశను కేటాయించి, మనకు కావలసిన బిందువుపై నాలుగు మూలల ప్రభావాన్నీ నునుపుగా కలపడమే ఇందులోని పద్ధతి. సీడ్ మారనంత వరకు అదే నేల మళ్లీ మళ్లీ వస్తుంది.

ఆ కలిపే సూత్రాన్నే 2002లో మార్చారు. గడిలో బిందువు స్థానాన్ని 0 నుంచి 1 వరకు కొలిచి, దాని ఐదో ఘాతానికి 6 రెట్లలోంచి నాలుగో ఘాతానికి 15 రెట్లు తీసివేసి, మూడో ఘాతానికి 10 రెట్లు కలపాలి. పాత సూత్రంలో వంపు గడి అంచుల దగ్గర హఠాత్తుగా మారేది కాబట్టి, వెలుతురు పడినప్పుడు ఆ అంచులు సన్నని గీతలుగా బయటపడేవి. సొంతంగా కోడ్ రాసుకునేవారు కొత్త సూత్రాన్నే వాడడం మంచిది.

ముందుగా నేల జాలాన్ని, అంటే బిందువులను త్రిభుజాలుగా కలిపిన అల్లికను, సిద్ధం చేసుకోవాలి. ఒక్కో వైపు 257 బిందువులు తీసుకుంటే మొత్తం 66,049 బిందువులు, 1,31,072 త్రిభుజాలు వస్తాయి. త్రిభుజాల మూలలు ఏ బిందువులో చెప్పే సంఖ్యను ఇండెక్స్ అంటారు; 16 బిట్ల ఇండెక్స్ 65,536 బిందువులను మించి లెక్కించలేదు కనుక ఇక్కడ 32 బిట్లు ఎంచుకోవాలి, లేకపోతే జాలం చిందరవందరగా చిరిగినట్టు కనిపిస్తుంది.

తరువాత ప్రతి బిందువు వద్దా నాయిస్ విలువను అడగాలి. కొత్తవారిలో చాలామంది తడబడేది ఇక్కడే. పెర్లిన్ నాయిస్ విలువ పూర్ణాంక స్థానాలన్నిటిలోనూ సున్నాయే కాబట్టి, లూప్‌లోని సంఖ్యలను నేరుగా పంపితే బల్లపరుపు నేల తప్ప మరేమీ రాదు. ఆ సంఖ్యలను 0.01 వంటి పౌనఃపున్యంతో గుణించి పంపితే ఒక్కో గడి 100 యూనిట్ల మేర పరచుకుంటుంది.

ఒక్క పొరతో వచ్చేవి మెత్తని దిబ్బలే. అందుకే ఆక్టేవ్‌లు అనే పొరలను ఒకదానిపై ఒకటి కలుపుతారు: ప్రతి పొరకూ పౌనఃపున్యం రెట్టింపు, ఎత్తు సగం. ఆరు పొరలు కలిపితే ఎత్తుల గుణకాల మొత్తం 1.96875 అవుతుంది, ఫలితాన్ని దానితో భాగించాలి. పౌనఃపున్యం సరిగ్గా రెట్టింపవుతున్నప్పుడు మొదటి పొర గడుల మూలలన్నిటిలో మిగిలిన పొరలూ సున్నాయే అవుతాయి, అందువల్ల ప్రతి పొరనూ వేరువేరు దూరాలకు జరిపి లెక్కించడం అవసరం. శిఖరాలు పదునుగా కావాలంటే నాయిస్ విలువకున్న ప్లస్, మైనస్ గుర్తును వదిలేసి 1 నుంచి తీసివేయాలి. మైదానాలు విశాలంగా కావాలంటే ఎత్తును 0 నుంచి 1 మధ్యకు తెచ్చి వర్గం చేస్తే సరిపోతుంది.

నేలను ముక్కలుగా నిర్మించేటప్పుడు ముక్కలోని స్థానాన్ని కాక, మొత్తం లోకంలోని స్థానాన్నే నాయిస్‌కు పంపాలి. ఏ ముక్కకు ఆ ముక్క తన కనిష్ఠ, గరిష్ఠ ఎత్తులతో సర్దుకుంటే అతుకుల దగ్గర గోడలు లేస్తాయి. వెలుతురు కోసం లెక్కించే నార్మల్‌లను (నేలకు లంబంగా ఉండే దిశలను) కూడా ముక్క త్రిభుజాల నుంచి కాక, పక్క బిందువుల ఎత్తులను ఫంక్షన్‌నే అడిగి రాబట్టాలి.

ఇంత చేసినా నాయిస్‌కు నీరు తెలియదు. గండికోట దగ్గర పెన్నా కోసిన లోయ వంటిది ఎన్ని పొరలు కలిపినా రాదు. పైగా నీరు బయటికి పారే దారిలేని గుంటలు విచ్చలవిడిగా మిగులుతాయి. వేలాది నీటి చుక్కలను వాలు వెంట పారించి, వేగంగా పోయే చోట మట్టిని తీసి, నెమ్మదించిన చోట వదిలేలా కోత దశను జతచేస్తే వాగులు రూపుదిద్దుకుంటాయి. అయితే ఈ దశలో ఒక బిందువు ఎత్తు చుట్టుపక్కల నేల మీద ఆధారపడుతుంది కాబట్టి, ప్రతి ముక్కనూ దాని హద్దుల కన్నా వెడల్పుగా లెక్కించి, కోత పూర్తయ్యాక అంచులను కత్తిరించాలి. అప్పటికీ పక్క ముక్కల ఎత్తుల్లో స్వల్ప తేడా మిగలవచ్చు, దాన్ని అతివ్యాప్త భాగంలో క్రమంగా కలిపివేయాలి.