అమెజాన్ లిల్లీ పూయడం లేదా? ఎరువు తర్వాత, ముందు కుండీ ఎక్కడుందో చెప్పండి

ఆకులు నిగనిగ, పువ్వు మాత్రం లేదు

పదిమందిలో తొమ్మిదిమంది అడిగేది ఇదే. అడుగుతూనే డీఏపీ వేయాలా, బోన్‌మీల్ వేయాలా అంటారు. రెండూ వద్దు. కుండీ ఏసీ హాల్లో ఉందా? ఉంటే అదే కారణం.

ఇది కొలంబియా, పెరూ అడవుల్లో పెద్ద చెట్ల కింద పెరిగే మొక్క. నీడ కావాలని అందరికీ తెలుసు కాబట్టి తెచ్చి ఇంట్లో పెడతారు. నీడైతే దొరుకుతుంది, వేడే పోతుంది. గడ్డలో మొగ్గ కట్టాలంటే సుమారు నాలుగు వారాలు 27 డిగ్రీలకు తగ్గని వేడి కావాలి. ఆ తర్వాత 21 దగ్గరికి దిగాలి. ఏడాది పొడుగునా 24 మీదే ఉంచితే దానికి పూసే కాలం ఎప్పుడొచ్చిందో ఎలా తెలుస్తుంది? ఆకులు మాత్రం వస్తూనే ఉంటాయి, అందుకే ఎవరికీ అనుమానం రాదు. పైగా ఎరువు వేస్తారు, ఇంకో నాలుగు ఆకులొస్తాయి.

ఏప్రిల్, మే నెలల్లో ఎండ నేరుగా పడని బాల్కనీలోకి మార్చండి. ఆ నెల రోజులు నీళ్లు తగ్గించండి, కానీ ఆకు వాలిపోయేదాకా ఎండబెట్టకండి. ఆకులన్నీ రాల్చి నిద్రపోయే రకం కాదిది. వానలు పడి చల్లబడ్డాక నీళ్లు మామూలే. విశాఖ లాంటి చోట జూన్ రాత్రులూ ఉక్కపోతే కాబట్టి, అప్పుడు తెచ్చి ఏసీ గదిలో పెట్టండి. ఏసీ దీనికి పనికొచ్చేది ఆ కొన్ని వారాలే.

గడ్డ మెడ దగ్గర కొత్త మొన కనిపిస్తే గిల్లి చూడకండి. చుట్టచుట్టుకుని వచ్చేది ఆకు. మొన మూసుకుని, కింద కాడ గట్టిగా ఉంటే అది మొగ్గ.

వేడీ చల్లదనమూ సరిగ్గా అందినా పూయకపోతే, ఏటా కుండీ మారుస్తున్నారేమో చూసుకోండి. గడ్డలు ఇరుక్కుని ఉంటేనే దీనికి ఇష్టం. చిన్న పిల్లగడ్డైతే లావెక్కేదాకా ఆగాల్సిందే.

ఆకులు వరసగా పసుపెక్కడం

అడుగున ఒక్క ఆకు పండితే అది వయసు. నాలుగైదు ఒకేసారి పండితే గడ్డ మెడ నొక్కి చూడండి. మెత్తగా ఉంటే కుళ్లు. కుళ్లిన పొరలు కోసేసి, రెండు రోజులు నీడన ఆరబెట్టి, కొబ్బరి పొట్టు, ఇసుక కలిపిన మట్టిలో మెడ పైకి కనిపించేలా నాటండి.

ఆకు మీద తెల్లగా మాడిన మచ్చలు

నేరుగా పడిన ఎండ. లోపలికి జరపండి.

మిగతావి

పిండినల్లి ఉంటే తడిగుడ్డతో తుడిచి వేపనూనె కొట్టండి. కొత్తాకుల్లోనూ చారలు చారలుగా రంగు పోతుంటే వైరస్ అయ్యే అవకాశం ఎక్కువ, దానికి మందు లేదు. పక్క కుండీలకు అంటకముందే గడ్డతో సహా పారేయండి.