తెలిసిన ప్రశ్నకే మార్కు పోతోందా? ఆబ్జెక్టివ్ పరీక్షల్లో సమస్య – పరిష్కారం

తిరుపతిలో గ్రూప్-2 (రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష)కు చదువుకునే అభ్యర్థులు మాక్ టెస్టు ముగిశాక కీ చూసుకొని, పోయిన ప్రశ్నలన్నింటినీ ‘అజాగ్రత్త’ అనే ఒకే పద్దు కింద రాసేస్తుంటారు. ఏ తప్పు ఎందుకు జరిగిందో విడదీసి చూడనంతకాలం అదే తప్పు మళ్లీ వస్తూనే ఉంటుంది.

సమస్య: విషయం తెలుసు, అయినా జవాబు తప్పింది.

ఈ ప్రశ్న చూడండి. ‘కింది వాటిలో సరికానిది ఏది? ఎ) తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. బి) శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉంది.’ ఆప్షన్లు: ఎ మాత్రమే, బి మాత్రమే, రెండూ, రెండూ కావు.

కారణం: పాత పుస్తకం చదివినవారికి ‘బి’ ఒప్పుగానే కనిపిస్తుంది. జిల్లాల పునర్విభజనలో శ్రీహరికోట ఉన్న సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి వచ్చిందని తెలిసినవారిలోనూ కొందరు, ‘ఎ’ ఒప్పని తేలగానే ‘ఎ మాత్రమే’ బబుల్ నింపేస్తారు. అప్పటికి ‘సరికానిది’ అన్న మాట వారి దృష్టిలోంచి జారిపోయి ఉంటుంది.

పరిష్కారం: ఆప్షన్లు చూడకముందే ప్రతి వాక్యం పక్కన ఒప్పో తప్పో గుర్తు పెట్టుకొని, ప్రశ్నను మరోసారి చదివి, ఆ తర్వాతే ఆప్షన్ల దగ్గరికి రావాలి. పాత మెటీరియల్ సంగతి మాత్రం హాల్లో తేలేది కాదు, దాన్ని ఇంట్లోనే సరిదిద్దుకోవాలి.

సమస్య: ‘మాత్రమే’ ఉందని కొట్టేసిన వాక్యమే సరైనదని తేలింది.

కారణం, అలాంటి వాక్యాలన్నీ తప్పే అనే చిట్కా. ద్రవ్య బిల్లును లోక్‌సభలో మాత్రమే ప్రవేశపెట్టాలన్నది రాజ్యాంగం 109వ అధికరణ ప్రకారం నిజమే కదా! ప్రశ్నపత్రం కూర్చేవారికి ఈ చిట్కా తెలియదనుకోవడం అమాయకత్వం. ఒక్క మినహాయింపైనా గుర్తుకొస్తేనే అలాంటి వాక్యాన్ని తప్పుగా తీసుకోవాలి.

సమస్య: ఎక్కువ ప్రశ్నలు రాసినా మార్కులు పెరగలేదు.

2024 ఫిబ్రవరిలో జరిగిన గ్రూప్-2 స్క్రీనింగ్ పరీక్షలో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు ఇచ్చారు, ప్రతి తప్పుకు మూడో వంతు మార్కు కోత పెట్టారు. ఈ లెక్కన నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెట్టుకుంటూ పోతే, సగటున ఒక ఒప్పు తెచ్చిన మార్కును మూడు తప్పులు తినేస్తాయి. ఒక ఆప్షన్‌ను ఖాయంగా తీసేయగలిగితే ప్రశ్నకు సగటున తొమ్మిదో వంతు మార్కు, రెండింటిని తీసేయగలిగితే మూడో వంతు మార్కు మిగులుతుంది కాబట్టి అప్పుడు రాయడమే మేలు. అయితే ఎప్పుడూ వినని పేరని ఒక ఆప్షన్‌ను కొట్టేస్తే అది ఖాయంగా తీసేసినట్టు కాదు, అదీ ఊహే.

సమస్య: ఓఎంఆర్‌ (బబుల్స్ నింపే జవాబు పత్రం)లో జవాబులు ఒక వరుస జరిగిపోయాయి.

ఒక ప్రశ్నను వదిలేసి, దాని వరుసలోనే తర్వాతి జవాబు నింపడం దీనికి కారణం. వదిలిన ప్రశ్న సంఖ్య చుట్టూ బుక్‌లెట్‌లో సున్నా చుట్టి, పది ప్రశ్నలకోసారి రెండుచోట్లా సంఖ్యలు సరిపోయాయో లేదో చూసుకోవాలి.