కృపావరాలను ప్రేమతో కలిపి చదవడం ఎలా?

కృపావరాలను, అంటే పరిశుద్ధాత్మ విశ్వాసులకిచ్చే వరాలను, అర్థం చేసుకోదలచినవారు బైబిలులో అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలోని (లేఖలోని) 12, 13, 14 అధ్యాయాలను విడదీయకుండా ఒకే విడతలో చదవాలి. ప్రేమను వర్ణించే, పెళ్లిళ్లలో విడిగా వినిపించే 13వ అధ్యాయం నిజానికి దంపతుల కోసం వ్రాసినది కాదు. వరాల విషయంలో పోటీపడుతున్న సంఘాన్ని సరిదిద్దడానికి పౌలు ఎఫెసు నుండి చేసిన వాదనలో అది నడిమి భాగం.

ముందుగా 12:8–10లోని తొమ్మిది వరాలను రోమా 12:6–8లోని ఏడింటితో పోల్చి చూడండి. స్వస్థత, భాషలు (ఆత్మ ప్రేరణతో తెలియని భాషలో మాట్లాడడం) కొరింథీయుల జాబితాలో ఉంటే, పరిచర్య, పంచిపెట్టడం, కరుణించడం రోమా జాబితాలో ఉన్నాయి కనుక, ఏ ఒక్క జాబితా సంపూర్ణం కాదనే నాకు తోస్తుంది.

తరువాత, మీకున్నదనుకునే వరం వల్ల ఎవరికి మేలు కలుగుతున్నదో పరిశీలించండి. ఇది ఒంటరిగా తేల్చుకునే విషయం కాదు. మీ సహాయం పొందినవారినే అడగండి. ఈ విషయంలో పౌలు కొలత కఠినమైనది: సంఘంలో భాషతో పదివేల మాటలు పలకడం కంటే ఇతరులకు బోధ కలిగేలా ఐదు మాటలు పలకడమే మేలంటాడు (14:19), అర్థం చెప్పేవాడు లేకపోతే భాషలతో మాట్లాడేవాడు సంఘంలో మౌనంగా ఉండాలంటాడు (14:28).

చివరగా 13:4–7 వచనాలను బిగ్గరగా, నెమ్మదిగా చదవండి. ఏ మాట దగ్గర గొంతు తడబడుతుందో, ఆ వారం సాధన అక్కడే మొదలుపెట్టండి.